పిచ్చుక అనే కార్డు

బ్యాగు సర్దుతున్నది అత్తగారు. "అంత బరువెందుకు అత్తయ్యా, మోసేది నేను కదా" అని కోడలంటే, "నువ్వు జిప్పు లాగు, బరువు సంగతి నేను చూసుకుంటా" అని మోకాలితో అదిమింది. కోడలికి వేరే ఊళ్ళో ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం వచ్చింది. రేపు గురువారం పొద్దున చేరాలి, ఇవాళ మధ్యాహ్నం బస్సు. ఎవరు గడప దాటినా అత్తగారికి గుండె దడ. పాల కోసం వెళ్ళిన మనిషి కాస్త ఆలస్యమైతే కిటికీ వదలదు. అలాంటిది ఇవాళ ఆవిడ నోట ఒక్క 'జాగ్రత్త' కూడా రాలేదు.

కింద ప్రెస్సులోంచి భర్త కేకేశాడు. "ఇదిగో, ఒకసారి రా! సర్వర్ పలకడం లేదు!"

పైన ఇల్లు, కింద ప్రెస్సు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చూసిపెట్టిన పాపానికి, ప్రెస్సు పనంతా నడిపే ఆ లినక్స్ సర్వర్ కంప్యూటరు ఆమె మెడకు చుట్టుకుంది. తింటున్న చెయ్యి కడుక్కుని దిగేది, పొయ్యి ఆర్పేసి దిగేది, జ్వరంతో దిగేది. ఓసారి జీతం మాటెత్తితే భర్త నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇంట్లో మనిషికి జీతమేంటి? ఇక్కడ నీది కానిదేముంది?" ప్రేమగానే అన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కోపంగా అని ఉంటే ఆమె అప్పుడే నాలుగు మాటలు అనేది. ప్రేమగా అన్నదానికి జవాబు వెతుక్కోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"ఇది బాగయ్యేదాకా ఎలా వెళ్తావ్? ఒక వారం ఆగమని చెప్పు వాళ్ళకి" అన్నాడు భర్త.

ఇంతకుముందు వచ్చిన రెండు ఉద్యోగాలూ ఇలా ఒక వారం, ఒక వారం అంటూనే చేజారాయి.

ఆమె తెర ముందు కూర్చుంది. కేబుల్ బాగానే ఉంది. "నిన్న దీన్నెవరైనా విప్పారా?"

"కొత్త కార్డు ఒకటి గుచ్చాను వదినా, అంతే" అన్నాడు మరిది, తల గోక్కుంటూ.

బ్యాగు మెట్టుమెట్టుకీ ఆనించుకుంటూ అత్తగారు కిందికి వచ్చింది. "ఏమైందే అమ్మాయ్?"

"దీన్ని మిగతా కంప్యూటర్లతో కలిపేది నెట్‌వర్క్ కార్డు. దానికి ఇది చోటునిబట్టి పేరు పెడుతుంది అత్తయ్యా. పక్కన కొత్త కార్డు చేరేసరికి లెక్క పక్కకి జరిగి, పేరులో మూడు ఉన్నచోట నాలుగైంది. సెట్టింగులన్నీ పాత పేరు మీదున్నాయి. ఎవరు పలుకుతారు?"

"పాపం, మనిషి అదే, పేరే మారిందన్నమాట."

ఎప్పుడూ చేసేది సెట్టింగుల్లో కొత్త పేరు రాయడం. నిమిషం పని. మళ్ళీ ఎవరో ఏదో కదిపేవారు, మళ్ళీ కేక. తాను లేకపోతే గడవదనే ఆ కేక ఆమెకి కాస్త ఇష్టం కూడా. చేతులు మీటల మీద ఆగాయి. ఈసారి అలా చెయ్యకూడదనుకుంది.

"ప్రతి కార్డుకీ తయారైనప్పుడే పడిన చిరునామా ఒకటి ఉంటుంది. ఎక్కడ గుచ్చినా అది మారదు. ఆ చిరునామా కనబడితే ఫలానా పేరే పెట్టమని రాసేస్తాను. ఏం పేరు పెట్టమంటారో మీరే చెప్పండి."

అత్తగారు బ్యాగు మీద చెయ్యేసింది. "పిచ్చుక. మా అమ్మ నన్నలా పిలిచేది. ఇక్కడికొచ్చాక కోడల్ని, అమ్మని, అత్తని అయ్యాను. ఆ పేరెవరూ అడగలేదు."

"పిచ్చుకా! అమ్మ అరిస్తే వీధి చివరిదాకా వినబడుతుంది" అని మరిది నవ్వాడు.

"నోర్మూసుకుని ఆ పిచ్చుక కార్డు తీసి ఇంకోచోట పెట్టు. మీ వదిన మాట నిలబడుతుందో లేదో చూద్దాం."

కోడలు చిరునామా పక్కన ఆ పేరు రాసి, సెట్టింగుల్లోనూ అదే పెట్టింది. సర్వర్ ఆపి, కార్డు చోటు మార్చి, మళ్ళీ వెలిగించారు. తెర మీద పిచ్చుక అనే వచ్చింది. పచ్చలైటు మిణుకుమంది. మూలన ప్రింటర్ కాగితం లాక్కుంది.

"ఇక నిన్ను పిలిచే పనే ఉండదన్నమాట" అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

"పని లేకపోయినా పిలవండి. వస్తాను."

కోడలు ఎత్తబోతే బ్యాగు లేవలేదు. జిప్పు తెరిచింది. తన బట్టల కింద అత్తగారి శాలువా, మాత్రల డబ్బా, చదువుకునే కళ్ళద్దాలు, నాలుగు జతల బట్టలు.

"ఇవి మీవి కదా?"

"నావి నాకు తెలీవా? ఎంతమందినని సాగనంపను అమ్మాయ్? నా వల్ల కాదు. ఈసారి నేనూ బస్సెక్కుతా."

ఆ బుధవారం మధ్యాహ్నం బస్సుకి ఇద్దరూ వెళ్ళారు. కోడలు నెలకోసారి వచ్చిపోయేది. అత్తగారు మాత్రం కోడలి దగ్గరే ఉండిపోయింది; ఆ బుధవారం వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు.