మొదట పెట్టిన నంబరు

అరకులో టీవీ బొమ్మ ఊరికే రాదు. నాలుగు పక్కలా కొండలు. బొమ్మ కావాలంటే ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పాలి, ఇంకొకరు కింద కిటికీలో నిలబడి చెప్పాలి. పైనుంచి "వొచ్చిందా?" అని కేక. కిందనుంచి "లేదు... ఇంకొంచెం... ఆఁ, వొచ్చింది! కదలకు!" అని జవాబు. ఊళ్లో ఎవరి డాబా అయినా ఆ పైకెక్కే మనిషి ఎలీయేజరే. టీవీ మెకానిక్కు. చాలా ఏళ్ల కిందట మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్ మీద అతను యాంటెన్నా నిలబెడుతుంటే, కింద కిటికీలోంచి "కదలకు" అని అరిచిన పిల్ల దేవమణి. ఆ గొంతు మళ్లీ వినాలని బాగున్న యాంటెన్నాకి కూడా జబ్బు అంటగట్టి వారం వారం ఆ డాబా ఎక్కాడని బజారులో ఇప్పటికీ నవ్వుకుంటారు. మొత్తానికి ఎక్కిన ఫలితం దక్కింది. దేవమణి ఇప్పుడు ఆ హాస్టల్ వార్డెను, ఎలీయేజరు పెళ్లాం.

అలాంటి మనిషికి ఆ ఏడాది వానాకాలంలో కంప్యూటరు మీద కడుపుమంట పట్టుకుంది. కంప్యూటరు మీద అనడం మర్యాద కోసం. అసలు మంట రవిబాబు మీద.

రవిబాబుది పార్వతీపురం. బజారులో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చాడు. పిడుగు పడి హాస్టల్ టీవీ మాడిపోయిన రోజుల్లోనే విశాఖపట్నం నుంచి చర్చి వాళ్లెవరో పాత కంప్యూటరు ఒకటి పంపారు. దాని కడుపులో టీవీ కార్డు ఉంది. అంటే యాంటెన్నా తీగ దానికి పెడితే కంప్యూటరు తెర మీదే టీవీ చూడొచ్చన్నమాట. కానీ పెట్టె నిండా వైరస్సులు, తెరిస్తే చాలు మూసుకుపోతోంది. రవిబాబు వచ్చి చూసి, "ఇదంతా తుడిచేసి, లినక్సు అని కంప్యూటరుని నడిపే వేరే ప్రోగ్రాము వేస్తానక్కా. వైరస్సు గొడవ ఉండదు, టీవీ కూడా వస్తుంది" అన్నాడు. ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలు అతని దగ్గర ఉన్నాయి.

అక్కా అని పిలిచేవాడి మీద ఏడుపెందుకని ఎవరైనా అడిగితే ఎలీయేజరు మాట మార్చేస్తాడు. అతన్ని కూడా వాడు నోరారా "బావగారూ" అనే పిలుస్తాడు. కానీ ఇంట్లో పొద్దున లేస్తే రవిబాబు, రాత్రి పడుకోబోతే రవిబాబు. "ఎంత ఓపికో ఆ గుంటడికి", "ఎంత బాగా సెప్తాడో". ఎలీయేజరు కాలిన పిక్చర్ ట్యూబులకి ప్రాణం పోసినప్పుడు ఈ మాటలేవీ? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! ఏకులా వచ్చి మేకై కూర్చున్నాడు వాడు.

దానికితోడు నీలవేణి సంగతి ఒకటి వచ్చింది. నీలవేణి హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల, డుంబ్రిగుడ అవతల కొండ మీది ఊరు. వాళ్ల ఊరి ఆడవాళ్లతో కలిసి ఆ పిల్ల కొండవాళ్ల గుంపు నాట్యం థింసా ఆడుతుంటే దూరదర్శన్ వాళ్లు వచ్చి వీడియో తీసుకుని వెళ్లారు. అది ఆదివారం ఆరాధన అయ్యాక టీవీలో వేస్తారని కబురొచ్చింది. హాస్టలంతా ఎగిరి గంతేసింది. ఎలీయేజరూ గంతేశాడు. తన దగ్గర బాగుచేసిన నలుపు తెలుపు టీవీ ఒకటుంది, భుజాన వేసుకొచ్చి పెడతానన్నాడు.

దేవమణి నవ్వేసింది. "ఆ డబ్బాలో ఎవులు సూత్తారయ్యా? గుంటలు ఎర్ర సీరలు కట్టుకుని ఆడినారు. రవిబాబు రంగుల్లో సూపిత్తానన్నాడు కదా!"

డబ్బా అన్న మాట ఎలీయేజరు గుండెలో ముల్లులా దిగింది. ఆ కోపంలో మర్నాడే టీవీని బొర్రా దారిలో టీ దుకాణం నడిపే సన్యాసిరావుకి అమ్మిపారేశాడు. కొట్లో మిగిలినవన్నీ పొట్ట విప్పి ఉన్నవే.

శనివారం మధ్యాహ్నం రవిబాబు లినక్సు వేయడానికి కూర్చున్నాడు. ఎలీయేజరు ఏదో పనున్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు. రవిబాబు ఒళ్లో పుస్తకం పెట్టుకుని మీటలు నొక్కుతుంటే, దేవమణి తెర మీద వచ్చిన పేర్లు కూడబలుక్కుని చదువుతోంది. లినక్సు ఎక్కేటప్పుడు పెట్టెలో ఏమేం ఉన్నాయో వెతుక్కుని, ఒక్కొక్క దాన్నీ గుర్తుపట్టి చెబుతుందట.

"సౌండు కార్డు వొచ్చింది. మౌసు వొచ్చింది."

"టీవీ కార్డు వచ్చిందా అక్కా?"

"లేదు బాబూ, రానేదు."

ఎలీయేజరుకి ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. వచ్చిందా, రాలేదు! అవి తనవీ ఆమెవీ అయిన మాటలు. ఇన్నేళ్లుగా ఆమె అలా జవాబు చెప్పింది తన ఒక్కడికే. ఇప్పుడు అదే కిటికీ పక్కన, అదే గొంతుతో, ఇంకొకడికి చెబుతోంది. అందులో పిసరంత తప్పు లేదని అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట ఆరుతుందా?

రవిబాబు పెట్టె విప్పి కార్డు బయటికి లాగాడు. దాని పళ్లని రబ్బరుతో రుద్ది, చిప్పు మీద చిన్న అక్షరాలు చూశాడు. కార్డు మీద కంపెనీ పేరు లేదు. "అందుకే గుర్తుపట్టలేదక్కా. ఇది ఫలానా రకం కార్డు అని మనమే నంబరు చెప్పాలి. రకానికో నంబరు ఉంటుంది. సరైనది చెబితే బొమ్మ, తప్పు చెబితే నల్ల తెర" అన్నాడు. కార్డు మళ్లీ బిగించి, గుమ్మం వైపు తిరిగాడు. "బావగారూ, ఈలోగా మీరోసారి యాంటెన్నా చూసిరండి. మీరు చూశారంటే ఇంక నాకు బెంగ లేదు."

వాడు నోటితో అడిగి మరీ పంపించాడు. ఎలీయేజరు డాబా ఎక్కాడు. యాంటెన్నా గొట్టానికి కట్టిన బూస్టర్ డబ్బా మూత తీశాడు. తీగ బాగుంది, దాన్ని పట్టి ఉంచే మర బిగువుగా ఉంది. ఒక్క నిమిషం ఊరికే నిలబడ్డాడు. కిందనుంచి దేవమణి నవ్వు వినబడింది. అంతే, మర విప్పేశాడు. తీగని బయటికి లాగి, మరని డాబా కింద పొదల్లోకి విసిరేసి, మూత పెట్టేశాడు. ఆదివారం వాడి మొహం మాడిపోవాలి, రంగుల టీవీ అన్న దేవమణి మొహం చిన్నబోవాలి. అతని ఆలోచన అంతవరకే పోయింది.

"ఎలా ఉంది బావగారూ?"

"అద్దంలా ఉంది" అన్నాడు ఎలీయేజరు.

రవిబాబు నంబరు కొట్టి కంప్యూటరుని ఆపి మళ్లీ లేపాడు. ముసలి పెట్టె, ములుగుతూ ములుగుతూ లేచింది. ఈసారి కార్డు పేరు తెర మీద పడింది. "గుర్తుపట్టింది!" అని దేవమణి చప్పట్లు కొట్టింది. తెర మీద టీవీ విండో తెరిచారు. తెరంతా తెల్ల చుక్కలు, బుస్సుమని శబ్దం.

చుక్కలంటే ఏమిటో ఎలీయేజరుకి తెలియనిది కాదు. కార్డు బతికే ఉంది, దానికి అందాల్సింది అందడం లేదంతే. రవిబాబుకీ ఆ అనుమానం వచ్చింది. తీగ వైపు చూశాడు, డాబా వైపు చూశాడు. తర్వాత తనే తల అడ్డంగా ఊపాడు. "యాంటెన్నా బావగారు చూశారు కదా. అయితే నంబరే తప్పయ్యుంటుంది." ఇంకో నంబరు పెట్టాడు. నల్ల తెర. మరొకటి. నల్ల తెరే. చీకటి పడేదాకా అలా పెడుతూనే ఉన్నాడు. ఎలీయేజరు ఇంటికొచ్చి చేపల కూరతో కడుపునిండా అన్నం తిన్నాడు. అంత రుచిగా తిని ఎన్నాళ్లయిందో!

ఆదివారం ఆరాధనలో మాత్రం ఆ రుచి నిలవలేదు. పాటలు పాడుతున్నాడే గానీ మనసంతా డాబా మీదే ఉంది. అయ్యాక హాస్టల్‌కి వెళితే, వరండాలో నీలవేణి ఎర్ర చీర కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని నిలబడి ఉంది. పక్కన వాళ్ల నాన్న సుక్రు, వెనక థింసా ఆడిన ఆడవాళ్లు, డప్పుల వాళ్లు. కొండ దిగి నడిచొచ్చారు. ఎవరూ ఎన్నడూ తమని తాము టీవీలో చూసుకున్నవాళ్లు కారు.

"మా గుంట కనబడతాది గదా బాబూ?" అన్నాడు సుక్రు, ఎలీయేజరుని పట్టుకుని. అందరికీ టీవీ అంటే ఎలీయేజరే మరి.

లోపల రవిబాబు పొద్దుటి నుంచీ ఆ కుర్చీలోంచి లేవలేదు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఎలీయేజరుని చూడగానే, "కార్డే పోయినట్టుంది బావగారూ. తప్పు నాదే. మీరు టీవీ తెస్తానంటే వద్దనిపించాను" అన్నాడు. దేవమణి వాడి మాటకి అడ్డం రాలేదు. ఆమె కిటికీలోంచి వరండాలో ఆ ఎర్ర చీరని చూస్తోంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

చూడాలనుకున్న మొహాలు రెండూ ఎలీయేజరుకి చూడ్డానికి దొరికాయి. తీరా దొరికాక చూడలేకపోయాడు. "ఉండు, పైన ఓసారి సూసొత్తాను" అని పరుగున డాబా ఎక్కాడు. ఎవరికీ తెలియకుండా తీగ పెట్టేస్తే సరి, బొమ్మ వచ్చేస్తుంది, పాపం కూడా కొట్టుకుపోతుంది. మర లేదు కదా, తీగని డబ్బాలో గుచ్చి చొక్కా దారంతో చుట్టాడు. దిగి వచ్చి తెర చూశాడు.

నల్లగా ఉంది.

అప్పుడు తెలిసింది అతనికి, తను తవ్విన గొయ్యి ఎంత లోతో. ఇప్పుడు అందులో ఉన్నది తప్పు నంబరు. నిన్న మొదట పెట్టిన ఆ ఒక్కటే సరైనది. తన అబద్ధాన్ని నమ్మి రవిబాబు సరైన దాన్ని తీసి పారేసి, తప్పు వాటి వెంట పడ్డాడు.

"రవీ, నిన్న మొట్టమొదట పెట్టిన నంబరు మల్లీ పెట్టు."

"అది అయిపోయింది కదండీ. అప్పుడూ చుక్కలే వచ్చాయి. ఇది లేచేసరికి చాలాసేపు పడుతుంది, కార్యక్రమం మొదలైపోతుంది. ఒక్కసారికే టైముంది. చివరి ఒకటి మిగిలింది, అది చూద్దాం."

"నా మాటిను. మొదటిదే."

"నువ్వూరుకోవయ్యా!" అంది దేవమణి. "ఆ బాబు పాట్లేవో ఆ బాబు పడతన్నాడు. నీకేటి తెలుసు కంప్యూటరు?"

దొంగకి తేలు కుట్టినట్టయింది ఎలీయేజరుకి. అరిస్తే దొరికిపోతాడు, ఊరుకుంటే నీలవేణి ఎర్ర చీర ఉత్తదే అవుతుంది. బయట డప్పుల వాళ్లెవరో ఉబలాటం పట్టలేక అప్పుడే దరువు వేస్తున్నారు. రవిబాబు వేళ్లు మీటల మీదకి పోతున్నాయి. ఇన్నేళ్లుగా ఆ కిటికీ దగ్గర తను సంపాదించుకున్నదంతా ఒక్క మాటతో పోతుందని అతనికి తెలుసు.

"చుక్కలు కార్డు తప్పు కాదు" అన్నాడు. "నిన్న తీగ నేనే పీకేసినాను. అద్దంలా ఉందని అబద్దం సెప్పినాను."

రవిబాబు అతని వైపు ఒకసారి చూసి తల దించేసుకున్నాడు. మొదటి నంబరు కొట్టి పెట్టెని మళ్లీ లేపడం మొదలుపెట్టాడు. దేవమణి మాత్రం చూపు తిప్పుకోలేదు. ఎందుకు అని కూడా అడగలేదు. అడిగి ఉంటే చెప్పుకునేవాడు. ఆమె చూపుకి నిలబడలేక ఎలీయేజరు మళ్లీ డాబా ఎక్కేశాడు.

పైన దారం జారిపోయి తీగ గాలికి ఊగుతోంది. మర కోసం పొదల్లో దేవులాడే వ్యవధి లేదు. తీగ కొసని బూస్టర్‌లో గుచ్చి, బొటనవేలితో అదిమిపట్టి నిలబడ్డాడు. మంచు దిగుతోంది. కాసేపాగి అలవాటు కొద్దీ కేకేశాడు.

"వొచ్చిందా?"

జవాబు లేదు. కిటికీలో ఆమె ఉన్నట్టు నీడ మాత్రం తెలుస్తోంది. ఇంక ఈ జన్మకి ఆ గొంతు తనకి పలకదనుకున్నాడు. ఇంతలో ఒక్కసారిగా మోరి బూర కూత, డప్పుల మోత, ఆ వెంటనే పిల్లల అరుపులు. "నీలవేణీ! అదిగో నీలవేణీ!" సుక్రు ఏదో తన భాషలో గట్టిగా అంటున్నాడు. థింసా ఆడుతున్న కాళ్లన్నీ అతని కాళ్ల కిందనే ఉన్నాయి, అతనికి కనబడవు. పోనీ. వేలు తీస్తే బొమ్మ పోతుంది.

వేలు తిమ్మిరెక్కిపోయింది. కింద రవిబాబు గొంతు వినబడింది. "అక్కా, నేను పైకెళ్లి పట్టుకుంటాను. బావగారిని వచ్చి కాస్త చూడమను."

ఎలీయేజరు తీగని ఇంకా గట్టిగా అదిమాడు.

"వొద్దు బాబూ, కూకో" అంది దేవమణి. "యాంటెన్నా మా ఆయన పని."

తర్వాత ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి పైకి అరిచింది. గొంతులో కోపం కోపంగానే ఉంది.

"వొచ్చింది! కదిలినావంటే సంపేత్తాను!"

ఎలీయేజరు కదల్లేదు. డప్పులు ఆగాయి, చప్పట్లు అయిపోయాయి, సుక్రు వాళ్లు కబుర్లాడుకుంటూ గేటు దాటి కొండ దారి పట్టారు. మంచుకి చొక్కా తడిసిపోయింది. దిగమని ఎవరూ చెప్పలేదు. చివరికి ఉండబట్టలేక మెల్లగా పిలిచాడు.

"మణీ, దిగీనా?"

కిటికీలోంచి జవాబొచ్చింది.

"వార్తలు కూడా సూసీనాక."