షమీమ్ తరఫున చెప్పిన జవాబులు

పేరమ్మకు ఉర్దూ వచ్చు. వచ్చని ఆవిడే చెప్పుకుంటుంది గనక మనమూ ఒప్పుకోవాలి. బందరు పక్క గిలకలదిండిలో పుట్టి, విజయవాడ వించిపేటకు కాపురానికొచ్చి, సాయిబుల ఇళ్ల ముందు చేపల గంప దించి దించి నేర్చుకున్న ఉర్దూ అది. బేరానికి కావలసిన మాటలన్నీ ఉన్నాయి అందులో, తిట్లు కాస్త ఎక్కువే ఉన్నాయి. ఆ మాటలతోనే వీధిలో సగం ఇళ్లకు పెద్దదిక్కయి కూర్చుంది.

ఆ ఇళ్లలో సుభానిది ఒకటి. గిన్నెలకు కళాయి పూసే పని అతనిది. వాకిట్లోనే కొలిమి, పొద్దస్తమానం సొట్టలు తీసే సుత్తి మోత. భార్య జహీదా బీదరు ఊరి నుంచి వచ్చిన పిల్ల. ఇంట్లో అందరూ ఉర్దూయే మాట్లాడతారు, ఆ పిల్ల వాకిలి దాటి ఎరగదు, ఇక తెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్ల కూతురు షమీమ్‌కు రెండేళ్లు నిండాయి. నవ్వుతుంది, పరిగెడుతుంది, పేరమ్మ కనబడితే చాలు చేతులు చాపుకుంటూ వచ్చేస్తుంది. మాట మాత్రం లేదు.

దివిసీమ ఉప్పెనకు ముందటి ఏడు గుణదల దారిలో ఒక బడిలో చిన్నపిల్లలకు వైద్య పరీక్షల క్యాంపు పెట్టారు. మద్రాసు నుంచి డాక్టర్లు వస్తారని, మాటలు రాని పిల్లలు మూడేళ్లలోపు వాళ్లయితే తల్లితో సహా మద్రాసు తీసుకెళ్లి, చెవికి మిషను పెట్టి మాటలు నేర్పుతారని రిక్షాకు మైకు కట్టి చెప్పారు. పేరమ్మ ఆ రోజు బేరం మానుకుని మరీ జహీదాను బయల్దేరదీసింది.

"పిల్లకి ఏ లోటూ లేదని డాక్టరమ్మ నోటితో అనిపిచ్చుకొద్దాం పదమ్మా" అంది.

విన్నారా మాట? లోటుందేమో చూపించుకుందామని కాదు, లేదనిపించుకోవడానికి వెళ్లడం. మనవాళ్లు ఏ పరీక్షకైనా అంతే. అత్తగారు దిల్షాద్ బేగం కూడా బురఖా వేసుకుని రిక్షా ఎక్కింది.

డాక్టరమ్మది అరవం. ఆవిడ అడిగింది నర్సు సువార్తమ్మ తెలుగులో చెప్పాలి, దాన్ని పేరమ్మ ఉర్దూలో అడగాలి, జవాబు మళ్లీ ఆ దారినే వెనక్కి పోవాలి. వాళ్ల వెనక బెంచీల మీద వించిపేట ఆడవాళ్లంతా పిల్లల్ని ఒళ్లో వేసుకుని వింటున్నారు. అందరికంటే ముందు దిల్షాద్ బేగం.

"పిల్ల అమ్మా అని పిలుస్తదా?" అంది సువార్తమ్మ.

పేరమ్మ అడిగింది. లేదు, ఒక్కసారి కూడా పిలవలేదు, అంది జహీదా ఉర్దూలో, పెదాలు కదిలీ కదలనట్టు.

ఆ మాట పేరమ్మ తన నోటితో ఎట్లా అనడం, అదీ ఆడపిల్ల మీద, నలుగురి మధ్య? తథాస్తు దేవతలు నెత్తిమీదే తిరుగుతుంటారాయె. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. ఒక్కసారి మూగ అని పైకి అన్నారంటే ఆ పేరు పెళ్లినాటికి కూడా వదలదు.

"పిలవకేమండీ, అమ్మీ అంటది" అంది పేరమ్మ.

"నిద్రలో ఉన్నప్పుడు శబ్దమైతే లేస్తదా?"

ఈసారి జహీదా వెనక అత్తకు వినపడకుండా గొంతు తగ్గించి చాలాసేపు చెప్పింది. సుత్తి మోత పక్కనే పడుకోబెట్టినా కదలదంది. మొన్న ఇత్తడి గంగాళం జారి పడితే వీధంతా ఉలిక్కిపడిందనీ, పిల్ల మాత్రం కళ్లు తెరవలేదనీ చెప్పింది. భయంగా ఉందక్కా, అంది చివర.

"ఏంటమ్మా అంత చెప్పింది?"

"నిద్ర బాగా పోద్దంటండీ. కాస్త అలికిడైతే లేచి కూచుంటదంట."

జహీదా ఒక్క క్షణం పేరమ్మ ముఖంలోకి చూసి తల దించుకుంది.

తర్వాత సువార్తమ్మ పిల్లకు కనబడకుండా వెనక్కి వెళ్లి చేతిగంట మోగించింది. తల్లి ఒళ్లో ఉన్న షమీమ్ చటుక్కున తల తిప్పి చూసింది. పేరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చూశారా మరి, తాను చెప్పింది అబద్ధమెట్లా అవుతుంది? కాస్త ముందుగా చెప్పింది, అంతే!

"భయం లేదమ్మా, వినపడతానే ఉంది" అంది సువార్తమ్మ, డాక్టరమ్మ మాటను తెలుగు చేస్తూ. "ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకి మాట ఆలస్యంగా వచ్చుద్ది."

ఎంత చల్లని మాట! దిల్షాద్ బేగం ఆ సాయంత్రం వీధంతా పంచదార పంచింది. ఇక షమీమ్ ఎందుకు మాట్లాడదని ఎవరడిగినా జవాబు సిద్ధం. రెండు భాషల పిల్ల కదండీ, ఏది ఎంచుకోవాలా అని చూస్తోంది, అని పేరమ్మ నవ్వించేది.

మరుసటి ఏడు ఉప్పెన వచ్చింది. గిలకలదిండి వైపు తన వాళ్ల కోసం పేరమ్మ ఏడ్చుకుంటూ తిరిగింది. ఉన్న డాక్టర్లంతా దివిసీమకే పోయారు, క్యాంపు ఊసెత్తిన వాళ్లు లేరు. మళ్లీ క్యాంపు పెట్టేసరికి షమీమ్‌కు నాలుగేళ్లు కావొస్తున్నాయి. ఈసారి పిల్లను సుభాని తీసుకెళ్లాడు, తోడుగా పేరమ్మ వెళ్లింది. ఎవరూ ఏమీ అడగలేదు. చెవుల మీద పరీక్ష మిషను పెట్టి చూసి పిల్లను పక్కన కూర్చోబెట్టేశారు.

"పుట్టు చెవుడమ్మా. మద్రాసు క్లాసులో మూడేళ్లు దాటినోళ్లని తీసుకోరు" అంది సువార్తమ్మ. పేరమ్మను గుర్తుపట్టలేదు. "మొదటి క్యాంపుకి తీసుకొస్తే బావుండేది. ఆ ఏడు మన జిల్లా నుంచి ఎవర్నీ పంపలేదు, పంపాల్సిన పిల్ల కనబడలేదని."

హైదరాబాదులో సైగలు నేర్పే బడి ఉందని కూడా చెప్పింది సువార్తమ్మ. ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా పంపేది లేదన్నాడు సుభాని. ఆ సంగతి అక్కడితో సరి.

తర్వాత చాలా రోజులు పేరమ్మ ఆ ఇంటి ముందు గంప దించలేదు. అన్నం సయించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని తనకు తానే చెప్పుకుంది గానీ, ఆ పిల్ల ఎదురైనప్పుడల్లా తల తిప్పుకుని పక్క సందులోకి మళ్లేది. చివరికి ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక వెళ్లింది. సుభాని లేడు, అత్తగారు లోపల నిద్రపోతోంది. జహీదా వాకిట్లో బియ్యం ఏరుతోంది. కొలిమి పక్కన షమీమ్ అటు తిరిగి కూర్చుని బొగ్గుతో నేల మీద గీతలు గీస్తోంది.

పేరమ్మ తనకొచ్చిన ఉర్దూలోనే మొదలుపెట్టింది. ఆ రోజు నువ్వు చెప్పింది నేను చెప్పలేదు తల్లీ, మార్చి చెప్పాను, అంది. ఆ తర్వాత ఆ భాషలో మాటలు దొరకలేదు. బేరానికి నేర్చుకున్న భాషలో ఇట్లాంటివి ఎక్కడుంటాయి?

"నాకు తెలుసక్కా" అంది జహీదా, తెలుగులో.

పేరమ్మ తెల్లబోయింది.

"కాపురానికొచ్చిన కాడ్నుంచి ఈ అరుగు ఎనకాల కూచుని మీ మాటలే కదా విన్నాను. మాట్లాడను గానీ అర్థమయ్యుద్ది. నువ్వు అమ్మీ అంటదన్నప్పుడు కాదని చెప్పాలనుకున్నా. చెప్పలేదు. ఆ మాట ఎంత బావుందో." చాటలో రాయి ఏరి పడేసింది. "ఎనక అత్త ఉంది. భయమేసింది. గంట మోగినప్పుడు పిల్ల తిరగలేదక్కా. ఒళ్లో ఉందిగా, నేనే మోకాలితో నెట్టి తిప్పాను."

తనను తిట్టమని, జుట్టు పట్టుకుని బయటకు ఈడవమని అడగడానికి వచ్చింది పేరమ్మ. అడగడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదు. ఇద్దరూ చెరోవైపు నుంచి పట్టుకుని ఆ పిల్ల బతుకును మూసేశారు, అదీ ప్రేమతోనే. ఏ ఒక్కరు గమ్మునున్నా రెండోవాళ్ల అబద్ధం నిలిచేది కాదు.

"ఇప్పుడూ రోజూ పిలుస్తా" అంది జహీదా. "ఎనక నుంచి. ఏమో, ఒక్కరోజన్నా..." అని, మాట మధ్యలో ఆపి, పిల్ల వీపు వైపు చూస్తూ గట్టిగా పిలిచింది. "షమీమ్!"

షమీమ్ గీత గీసుకుంటూనే ఉంది.

ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోయింది పేరమ్మ.

"ఆటలో పడిందిలేమ్మా, ఇనిపిచ్చుకోలా" అంది.

"అవునక్కా" అంది జహీదా.