లిస్బన్ ఇంకెంత దూరం?

రొమేనియాలోని సుచావాలో బస్సెక్కింది మొదలు సఫ్తా అడుగుతున్నది ఒకటే. "లిస్బన్ ఇంకెంత దూరం బాబూ?"

హంగరీ దాటకముందే డ్రైవరు గవ్రిల్‌కి విసుగొచ్చింది. "ఐరోపా ఈ కొస నుంచి ఆ కొసకి పోతున్నామమ్మా. మూడు రోజులు. కాసేపు పడుకో."

నిద్రెక్కడ పడుతుంది? కూతురు ఇలింకా పెళ్ళి! లిస్బన్‌లో చేపల వ్యాపారం చేసేవాళ్ళబ్బాయి దువార్తెతో. సఫ్తా ఎన్నడూ దేశం దాటింది కాదు. ఒళ్ళో పెద్ద గిన్నె, నిండా మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు. ఫిబ్రవరి చలి కాబట్టి పాడవుతాయన్న భయం లేదు.

"కింద పెట్టవే దాన్ని. చంటిపిల్లలా ఎత్తుకు కూచున్నావు," అంది అక్క జంఫీరా.

"నువ్వు మూత తీయనంటే పెడతా."

మూడో రోజు మధ్యాహ్నం, స్పెయిన్‌లో సలమాంకా దగ్గర, బస్సు గట్టిగా దగ్గి, గుప్పున పొగ వదిలి, పెట్రోలు బంకులో ఆగిపోయింది. గవ్రిల్ కింద దూరి చూసొచ్చాడు. "రేపు సాయంత్రం దాకా కదలదు."

పెళ్ళేమో రేపు పొద్దున! సఫ్తా ఫోన్లో బావురుమంది.

"ఏడవకమ్మా. అక్కడే ఉండు, మేమొస్తున్నాం," అంది ఇలింకా.

"మేమంటే ఎవరే?"

ఫోను పెట్టేసింది పిల్ల.

పొద్దు వాలేసరికి హారన్లు మోగించుకుంటూ మూడు చేపల వ్యాన్లు దిగాయి. ఇలింకా, దువార్తె, అతని తండ్రి అన్సెల్ము, అత్తలు, మామలు. అందరికంటే ముందు పెళ్ళి టోపీతో సహా వియ్యపురాలు దెవులిందా ఉరికొచ్చి సఫ్తాని వాటేసుకుంది. ఆవిడ పోర్చుగీసులో గలగలా మాట్లాడింది. సఫ్తా రొమేనియన్‌లో అంతకంటే గట్టిగా జవాబు చెప్పింది. ఒకరి మాట ఒకరికి చెప్పబోయిన ఇలింకాని ఇద్దరూ కలిసి పక్కకి నెట్టేశారు.

ఎవరో వైను సీసా తీశారు. "వీన్!" అంది సఫ్తా.

"వీన్యు!" అంది దెవులిందా.

ఇద్దరూ నోళ్ళు తెరిచి చూసుకున్నారు. సఫ్తా ఆకాశం వైపు వేలు చూపించింది. "లూనా?"

"లూవ!"

"అక్కా! ఈవిడ మనవాళ్ళేనే! చందమామ పేరు మధ్యలో కాస్త కొరికేసిందంతే!" సఫ్తాకి నవ్వాగలేదు. గిన్నె మూత తెరుచుకుంది. బస్సులో వాళ్ళొకరు అకార్డియన్ వాయించడం మొదలుపెడితే, మిగతావాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడసాగారు. బంకతను కేకలేస్తూ వచ్చాడు. చేతిలో క్యాబేజీ చుట్ట పెట్టేసరికి కాసేపట్లో అతనూ వలయంలో చిందేస్తున్నాడు.

లిస్బన్ వెళ్ళేవాళ్ళంతా చేపపెట్టెల మధ్య సర్దుకున్నారు. సఫ్తా ముందు సీట్లో అన్సెల్ముకీ దెవులిందాకీ మధ్య ఇరుక్కుంది. తెల్లారేసరికి వ్యాను పొడుగాటి వంతెన ఎక్కింది. కింద తేజు నది, సముద్రమంత వెడల్పు, మీద గులాబి వెలుగు. సఫ్తా గుండె గాలిపటంలా లేచింది. వంతెన అయిపోవచ్చింది.

"అన్నయ్యా, అప్పుడే అయిపోయిందా? ఇంకోసారి తిప్పవూ!" అంటూ గాల్లో వేలితో గుండ్రంగా గీసి చూపించింది.

"పెళ్ళికి ఆలస్యమవుతుందే పిచ్చిదానా!" వెనకనుంచి అరిచింది జంఫీరా.

"పెళ్ళికూతురు వెనక వ్యాన్లోనే ఉందిగా! మనం లేకుండా ఎవరు చేస్తారు?"

అన్సెల్ము పకపకా నవ్వి వ్యాను మళ్ళించాడు. మిగతా రెండూ హారన్లు కొడుతూ అనుసరించాయి.

పెళ్ళి టైముకే జరిగింది. రిజిస్ట్రారు మాత్రం చేపల కంపుకి కిటికీలన్నీ తెరిపించాడు. సఫ్తా సాక్షి సంతకం నవ్వుతూ పెట్టింది, అందుకే అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి.