బిందెలో తగ్గిన నీళ్ళు

పన్నెండేళ్ళ కాపురంలో తాగిన కాఫీ గ్లాసు సింకు దాకా తీసుకెళ్ళని మనిషి, మూడు నెలలుగా నా సీసాలు తనే కడిగి, తనే నింపి తెస్తున్నాడు. నాకు అనుమానం రాక ఏమవుతుంది?

ఊరి మురుగునీళ్ళు శుద్ధిచేసే కేంద్రానికి ఆయన ఇన్‌చార్జి. నేను అక్కడే ల్యాబులో పరీక్షలు చేస్తాను. రోజూ పొద్దున్నే నలభై మెట్లు దిగి, చివరి తొట్టిలోంచి బయటికి పోయే నీళ్ళు రెండు లీటరు సీసాల్లో పట్టుకురావడం నా పని. "మోకాళ్ళు నొప్పులన్నావుగా, నేను తెస్తాలే" అన్నాడు ఒకరోజు. నాకు కళ్ళు చెమర్చాయి కూడా. ఎంత పిచ్చిదాన్నో. అవే మోకాళ్ళతో ఇంట్లో రెండో అంతస్తుకి బిందెలు మోస్తున్నాను, ఆ నొప్పి ఆయనకి ఏనాడూ కనబడలేదు.

వానలు మొహం చాటేసే ఊరు మాది. మంచినీళ్ళు రెండు రోజులకోసారి, గంటసేపు వస్తాయి. పట్టేది నేను, మోసేది నేను, ఆరా తీసేది అత్తయ్య. "రాత్రి నిండుగా ఉన్న బిందె తెల్లారేసరికి మెడ దిగిందేం? ఉద్యోగం చేసేదానికి ఇంటి నీళ్ళ విలువేం తెలుస్తుందిలే" అంటుంది. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?" అంటాడు. బియ్యం కడిగేటప్పుడు ఎక్కువ పోశానా, అంట్లకి వాడేశానా అని ఇన్నాళ్ళూ నన్ను నేనే అనుమానించుకున్నాను.

ల్యాబులో అంకెలు మాత్రం ముచ్చటగా వస్తున్నాయి. మరీ ముచ్చటగా. తొట్లలోకి గాలి ఊదే మిషన్లు మూడింట్లో రెండు పాడై మూలన పడ్డాయి, నీళ్ళింత శుభ్రంగా ఎలా ఉన్నాయని అడిగాను. "మిషన్ల సంగతి నీకెందుకు? సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. రిపోర్టు మీద ఉండేది నా సంతకం ఒక్కటే.

ఆ నీళ్ళే కాలవలో పడి కింది ఆకుకూరల మళ్ళకి పోతాయి. గేటు దగ్గర కూరలమ్మే అక్క మొన్న చెప్పులు విప్పి పాదాలు చూపించింది. "నీళ్ళు మంచివేనా అమ్మా? మడిలో దిగితే పుళ్ళు లేస్తున్నాయి." "రిపోర్టు బాగానే ఉందక్కా" అన్నాను. ఆ తర్వాత రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

నిన్న సాయంత్రం వంట ముగించి, బిందెలో గుప్పెడు ఉప్పు వేసి కలిపాను. ఆయన తాగేది ఫ్రిజ్‌లో సీసా కాబట్టి తెలియదు. ఇవాళ పొద్దున ఆయన సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాక అత్తయ్య మొహం చిట్లించింది. "నీళ్ళు ఉప్పగా ఏడ్చాయి. బిందె తోమడం కూడా రాదా?"

ల్యాబులో నా బల్ల మీద రెండు సీసాలు సిద్ధంగా ఉన్నాయి, 'చివరి తొట్టి' అని ఆయన చేతిరాతతో. మీటరు పెడితే లవణాల అంకె నిన్నటికి ఎన్నో రెట్లు. పదేళ్ళ ఉద్యోగంలో ఈ సీసాల్లోవి నోట్లో పెట్టుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. వేలు ముంచి నాలిక మీద రాసుకున్నాను. మా ఇంటి ఉప్పు.

ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నీళ్ళు మోసింది నేను, తిట్లు తిన్నది నేను, రేపు పట్టుబడితే సంతకం పెట్టిన పాపానికి సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ నేనే. నా మోకాళ్ళ మీద జాలి దీనికన్నమాట.

ఖాళీ సీసా తీసుకుని మెట్లు దిగాను. "నీకెందుకు శ్రమ, నేను తెచ్చానుగా" అన్నాడు పైనుంచి.

"తెచ్చారు. చూశాను."

తొట్టిలో నీళ్ళు నల్లగా, ముక్కు పగిలే కంపుతో ఉన్నాయి. సీసా నింపుకుని పైకొచ్చి, ఇవాళే ఫలితం తేలే పరీక్షలన్నీ చేశాను. పై ఆఫీసుకి ఒకటి, కూరల అక్కకి ఒకటి, రిపోర్టు రెండు కాపీలు రాశాను. రెండో వరసలో నల్లనీళ్ళ అంకెలు, తెచ్చినవారి గడిలో నా పేరు. మొదటి వరసలో మా ఆయన తెచ్చిన సీసాల అంకెలు వేసి, పక్క గడులు కూడా నింపి సంతకం పెట్టాను.

నమూనా తీసిన చోటు: మా వంటింటి బిందె. తెచ్చినవారు: నా భర్త.