కంపు పోయిన గొయ్యి

తమ్ముణ్ణి మురుగు గొయ్యిలోంచి తాడుకట్టి పైకి లాగారన్న కబురు వచ్చేసరికి అక్క బాయిలరు దగ్గర బూడిద తోడుతోంది. పార చేతిలో ఉండగానే పరుగెత్తింది. వాడి ఒంటిమీద గాయం లేదు. గుప్పిట్లో రెంచి బిగుసుకుపోయి ఉంది.

బొగ్గును మాడ్చి కోకు తీసే కర్మాగారం అది. అక్కడి మురుగునీళ్లలో అమ్మోనియా, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే విషవాయువు కలిసి ఉంటాయి. పొడుగాటి గోపురంలో ఆవిరి పట్టి వాటిని విడదీసి, అమ్మోనియాను ఎరువుకూ విషవాయువును గంధకం తీయడానికీ పంపాలి. కొన్నాళ్లుగా కంట్రాక్టరు ఆ ఆవిరిని ఉత్పత్తికి మళ్లించాడు. పచ్చి మురుగే గొయ్యిలో చేరుతోంది.

గొయ్యిలోని పంపు బాగుచేయడానికి ఎవరు దిగాలన్నా ముందు, ముక్కుమామ అని అందరూ పిలిచే ముసలి కూలీ వంగి వాసన చూడాలి. అదక్కడి ఆనవాయితీ. ఆ ఉదయం మామ మూత తీయించి, కాసేపు పీల్చి, “ఇందాకటి కంపు పోయిందిరా, దిగు” అని తమ్ముడితో అన్నాడు.

“నీ ముక్కు తగలెయ్య, పిల్లాణ్ణి మింగేశావు కదయ్యా” అంటూ ఫిట్టరు మామ చొక్కా పట్టుకున్నాడు. మామ విడిపించుకోలేదు.

కంట్రాక్టరు వచ్చాడు. “ముక్కును నమ్మి దిగుతార్రా? కంపు పోయిందంటే గాలి బాగుపడినట్టు కాదు, విషం ముదిరి ముక్కు చచ్చినట్టు. ఆమాత్రం తెలీదూ? ఈ ముసలాడి మీద కేసు పెట్టిస్తా. ఎవడో ఒకడు దిగి పంపు విప్పండి, మురుగు పొర్లుతోంది.”

అక్క లేచింది. “మాకు తెలీదయ్యా. నీకు తెలుసా?”

ఆమె కూలీల వైపు తిరిగింది.

“ఈ సంగతి తెలిసినవాళ్లు చెయ్యెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. ఫిట్టరు చొక్కా వదిలేశాడు.

“తెలిసినోడివి పైన నిలబడ్డావు. తెలియనోణ్ణి కిందికి దించావు” అంది అక్క. “గోపురానికి ఆవిరి వదలండి. గాలి కొలిచే మిషను తెప్పించండి. అప్పటిదాకా ఎవరూ దిగరు.”

“గేటు బయట మనుషులకు కరువా?”

“పిలవండి సారూ” అన్నాడు ఫిట్టరు. “ఇప్పుడు చెప్పిన పాఠం వాళ్లకీ చెప్పి మరీ దించండి.”

ఎవరో నవ్వబోయి, శవాన్ని చూసి ఆగిపోయారు. తర్వాత అందరూ గొయ్యి చుట్టూ కూర్చున్నారు. బాయిలరువాళ్లూ పని ఆపి వచ్చారు.

కంట్రాక్టరు పిలిపించిన పోలీసులొచ్చి అక్క రెక్క పట్టుకున్నారు. ఆమె మామ వైపు తిరిగింది.

“మామా, వాణ్ణి ఇంటికి చేర్చు.”

“నేనా అమ్మా?” అన్నాడు మామ.

“నువ్వే. దారిలో అడిగినోళ్లందరికీ ఎలా పోయాడో చెప్పు. నీ తప్పూ చెప్పు, వాళ్ల తప్పూ చెప్పు.”

గేటు బయట కంట్రాక్టరు మనుషులు అప్పటికే కొత్త కూలీలను వరసలో నిలబెట్టారు. వాళ్ల ఎదురుగా మామ పాడె దించమన్నాడు. కంపు పోతే దానర్థం ఏమిటో చెప్పాడు. తాను ఏమని దింపాడో కూడా చెప్పాడు.

వరసలో ముందున్నవాడు తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకున్నాడు.

“గొయ్యి ఎటువైపు?” అన్నాడు.

“దిగుతావా?” అన్నాడు మామ.

“కూర్చుంటా.”

అతని వెనక వరసంతా కదిలింది.