ఆపుకున్న నీళ్ళు

రత్నకుమారి ఒక్కో గుటక నీళ్ళు తాగుతున్నకొద్దీ స్కానింగ్ సెంటరు వరండా ఒక్కో గజం పొడుగవుతోంది. లీటరు సీసా అయ్యేసరికి గది తలుపు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. వరండా సాగడాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

"ఒంటికి రాగానే చెప్పండమ్మా," అంటుంది నర్సు.

"వచ్చి పంతొమ్మిదేళ్ళయింది," అంటుంది రత్నకుమారి.

ఆవిడ బస్సు కండక్టరు. తిరిగే రూటులో ఆడవాళ్ళు ఒంటికి వెళ్ళడానికి ఒక్క చోటు లేదు. అన్నేళ్ళూ బిగబట్టి బిగబట్టి, ఇప్పుడు తుమ్మితే చీర తడుస్తోంది. ముగ్గురు డాక్టర్లు కనీసం చెయ్యి వేసి చూడకుండానే "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనమ్మా" అని పంపేశారు. ఒళ్ళు మండిపోయి, మిషను చేతనైనా నిజం చెప్పిద్దామని వచ్చింది.

నడిచి నడిచి గదికి చేరుతుంది. డాక్టరు పొత్తికడుపు మీద చల్లటి జెల్ రాసి, మిషను తెరను గోడవైపు తిప్పేస్తాడు.

"నాకూ చూపించండి సార్."

"చూపించకూడదమ్మా. ఆడో మగో తెలిసిపోతుంది. నేరం."

"నాకు యాభై ఒకటి. చూడమన్నది బిడ్డని కాదు, మూత్రాశయాన్ని."

"అది ఆడో మగో కూడా చెప్పకూడదు."

తెరలోంచి దగ్గులు వినిపిస్తాయి. "కాస్త జరగండమ్మా" అంటోందొక గొంతు.

"లోపలెవరు?"

"ఓ యాభై మంది ఆడవాళ్ళు. కాళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడ్డారు," అంటాడు డాక్టరు, రిపోర్టు మీద నార్మల్ అని రాసుకుంటూ. "ఇక ఖాళీ చేసుకు రండి, మళ్ళీ చూస్తాను. బాత్రూమ్ మాత్రం స్టాఫ్‌కే."

రత్నకుమారికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. లేచి తెర మెడ పట్టుకుని తనవైపు తిప్పుతుంది.

తెరలోంచి మొదట మిరపకోత కూలీ దిగుతుంది. తర్వాత లెక్కల టీచరు, ట్రాఫిక్ పోలీసమ్మ, ఇంకా ఎందరో. ఎవరికీ సిగ్గు లేదు. చీరలు ఎత్తుకుని గదిలోనే కూర్చుంటారు. రత్నకుమారీ కూర్చుంటుంది. గోరువెచ్చటి నీళ్ళు బల్లల్ని ముంచి, డాక్టరు గడ్డం దాకా వస్తాయి.

"ఎప్పట్నుంచమ్మా ఈ బాధ?" అంటాడాయన.

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు లేడు. ఆవిడ కోపం రవ్వంత కూడా తగ్గదు.

"మొదట్నుంచీ చెప్తాను. రాసుకోండి."

కాగితం మునిగిపోయింది కాబట్టి ఆయన నీళ్ళ మీద వేలితో రాస్తాడు. ఒక్కో అక్షరం చేపపిల్లై తోకాడిస్తూ ఈదుకొస్తుంది. ఆవిడ ఒక్కొక్కదాన్నీ దోసిట పట్టి చదివి, తప్పుంటే ఆయన ముఖాన విసిరికొడుతోంది.