మాస్టరుగారి ఎడమచేయి

కటింగ్ మాస్టరుగారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కాలు కాస్త దారికొచ్చింది గానీ చేయి రాలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక చూడవచ్చినవాళ్ళంతా, "పోన్లెండి, కుడిచేయి మిగిలింది, కత్తెర పట్టుకోవచ్చు" అని ఓదార్చి వెళ్ళారు. మాస్టరుగారి దిగులంతా పోయిన చేతి గురించే.

ఆయన ఇస్లాం నియమాలను తు.చ. తప్పకుండా పాటించే మనిషి. మరుగుదొడ్డికి వెళ్ళాక కుడిచేత్తో నీళ్ళు పోసుకుని ఎడమచేత్తో కడుక్కోవాలి. అన్నం తినే చేయి ఆ పనికి వెళ్ళకూడదు. ఇస్తింజా అనే ఈ శుభ్రత సరిగా జరగకపోతే ఒళ్ళు శుద్ధి కాదు, ఒళ్ళు శుద్ధి కానిదే నమాజు లేదు. ఆ వీధి పిల్లలందరికీ ఇది నేర్పింది మాస్టరుగారే. మెడలో టేపుతో, కుట్టుమిషన్ల మధ్య నుంచి, "బట్ట మీద చుక్క పడిందా? వెళ్ళి మళ్ళీ కడుక్కో!" అని కేకలేసేవారు. బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చినవాడికి కూడా పాఠం తప్పేది కాదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆయన పని.

ఇప్పుడు మగ్గు పట్టుకుంటే కడిగే చేయి లేదు. మగ్గు కింద పెట్టి కుడిచేయి చాపబోతే అది మధ్యలోనే ఆగిపోయేది. నీళ్ళు గుమ్మరించుకుని బయటపడేవారు గానీ, శుభ్రమైందన్న నమ్మకం కుదిరేది కాదు. ఆ అనుమానంతో దేవుడి ముందు నిలబడటమెలా? నమాజు మానేశారు. తిండి తగ్గిస్తే ఆ గదికి వెళ్ళే అవసరమూ తగ్గుతుందని కనిపెట్టి, అన్నం కూడా మానేసినంత పని చేశారు. రెండు ముద్దలు తిని "చాల్లే" అనేవారు. భార్య ఉప్పు తగ్గించి చూసింది, మెత్తగా వండి చూసింది, చివరికి మూతి ముడుచుకుంది. మనిషి మాత్రం పుల్లలా అయిపోతున్నారు. పెళ్ళాంతో చెప్పుకోవచ్చు కదా అంటారా? ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ముందు బనీనుతో కూడా తిరగని మనిషాయన.

ఒక మధ్యాహ్నం మసీదు ఇమాంగారు పరామర్శకు వచ్చారు. మాస్టరుగారు వంటింటి తెర వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"నా స్నేహితుడొకడున్నాడండీ. పాపం, వాడికి ఎడమచేయి పనిచేయదు. మరి... ఆ పని ఎలాగా అని నన్నడిగాడు."

ఇమాంగారు మంచం మీద పడి ఉన్న చేతి వంక చూడకుండా జాగ్రత్తపడ్డారు.

"లేని చేయి ఏదని దేవుడు అడగడు మాస్టరుగారూ. కుడిచేత్తో కడుక్కుని సబ్బు పెట్టుకోమనండి. దోషం లేదు. అదీ కుదరకపోతే... ఆయనకి పెళ్ళైందా?"

"అయింది."

"ఇంకేం మరి! పరాయివాళ్ళు చూడకూడదు గానీ భార్యకి అడ్డేముంది? ఆవిడ కడగొచ్చు."

"ఆవిడకి చెప్పడానికే వాడికి సిగ్గండీ."

తెర వెనక గ్లాసు ఠంగుమంది.

ఇమాంగారు వెళ్ళగానే భార్య వచ్చి మంచం ముందు నిలబడింది. ఆవిడకి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"కడుపు మాడ్చుకుని మీ స్నేహితుడు పోతే ఆ పెళ్ళాం గతేమిటో అడిగారా?"

ఆయన గోడ వైపు చూశారు.

"నా వంట సహించడం లేదేమోనని నేను కుమిలిపోతున్నాను. బయటివాళ్ళకి చెప్పుకున్నారు, నాకు చెప్పలేదు."

"ఎవరేం చెప్పినా అన్నం తినే చేయి అక్కడికి పోవడం లేదు. నీ చేత ఆ పని చేయించుకోవడమూ నా వల్ల కాదే."

"పురుడప్పుడు మా అమ్మ నాకు చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. కళ్ళు మూసుకున్నాను, ఆవిడ పని ఆవిడ చేసుకుపోయింది. మీరూ కళ్ళు మూసుకోండి."

సాయంత్రం ఆయన కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళి, కాసేపటికి దగ్గారు. పిలవడమంటే అంతే. ఆవిడ వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. నీళ్ళు ఆయనే పోశారు. ఆవిడ ఎడమచేత్తో కడిగింది. మధ్యలో ఆయన భుజాలు వణికాయి.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అంది.

"లేదు" అన్నారు, కళ్ళు తెరవకుండానే.

ఉతికిన బట్టలు తొడిగించుకుని, కుర్చీలో కూర్చునే నమాజు చదివారు. ఇన్నాళ్ళ బాకీ తీరుస్తున్నట్టు చాలాసేపు చదివారు. ఆవిడ గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంది.

ముగించి, ఆవిడ వైపు తల తిప్పారు.

"ఏమే, ఆకలేస్తోంది."